5 ఏళ్ల సిరామిక్ కోటింగ్ 14 నెలలకే పోయింది, కేసు వేయొచ్చా?

ప్రశ్న: మాది కరీంనగర్. నాన్న పేరు మీద కొత్త కారు కొని, హైదరాబాద్‌లోని ఒక డీటెయిలింగ్ షాపులో 28,000 రూపాయలు కట్టి సిరామిక్ కోటింగ్ వేయించాను. 5 ఏళ్ల వారంటీ అని వాళ్ల ప్రకటనలోనూ, నా పేరున ఇచ్చిన బిల్లులోనూ ఉంది. 14 నెలలకే నీళ్లు పూసల్లా జారడం ఆగిపోయింది, బానెట్ నిండా తెల్ల మరకలు. అడిగితే ఆరు నెలలకోసారి మెయింటెనెన్స్‌కు రాలేదని, బోరు నీళ్లతో కడిగానని, కాబట్టి వారంటీ వర్తించదని అంటున్నారు. కావాలంటే కారు వదిలి వెళ్లండి, పాలిష్ చేసి చూస్తామన్నారు. బిల్లు అడుగున వివాదాలన్నీ హైదరాబాద్ కోర్టుల్లోనే అని కూడా అచ్చేశారు. అసలు ఈ కోటింగ్ ఎన్నాళ్లు ఉండాలి? నేనేం చేయగలను?

జవాబు: అన్నిటికంటే ముందు, కారు వాళ్ల దగ్గర వదిలి రాకండి. పాలిష్ అంటే పై పొరను అరగదీయడమే. కోటింగ్ పనిచేయడం లేదని చూపించే అసలు సాక్ష్యం మీ బానెట్ మీదే ఉంది, అది మెషీన్ కింద అరిగిపోయాక వినియోగదారుల కమిషన్ ముందు మీ నోటిమాట తప్ప ఏమీ మిగలదు. ఈ రోజే పగటి వెలుతురులో నీళ్లు పోస్తూ వీడియో తీయండి, నంబర్ ప్లేటు కూడా అందులో కనపడాలి.

ఎన్నాళ్లు ఉండాలన్నది ఏ చట్టంలోనూ రాసి లేదు. ఇంట్లో మనమే కొట్టుకునే స్ప్రే రకాలు కొన్ని నెలల నుంచి ఏడాది దాకా, షాపుల్లో వేసే మంచి రకాలు సరిగ్గా చూసుకుంటే రెండు నుంచి ఐదేళ్ల దాకా వస్తాయని ఆ పని చేసేవాళ్లే చెబుతారు. ఇది సిలికా ఆధారంగా తయారైన పొర, మందం సాధారణంగా ఒకటి రెండు మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). దాని కిందుండే కంపెనీ క్లియర్ కోటే, అంటే రంగు మీద వేసే పారదర్శక పొరే, 40, 50 మైక్రాన్లు ఉంటుంది. ఇంత పల్చటి పొర ఎండలో నిలబెట్టే కారు మీద ఒకలా, షెడ్డులో ఉండే కారు మీద ఒకలా అరుగుతుంది. ఘాటైన డిటర్జెంటుతో కడిగినా, పక్షి రెట్టలు రోజుల తరబడి వదిలేసినా తొందరగా పోతుంది. 9హెచ్ అని గొప్పగా చెప్పేది పెన్సిల్ గీసి చూసే గట్టిదనం పరీక్ష, దానికీ ఎన్నేళ్లు ఉంటుందన్నదానికీ సంబంధం లేదు. రాళ్ల దెబ్బలకు ఇది అడ్డు కాదు, ఆ పని పీపీఎఫ్ అనే మందపాటి ఫిల్ముది. ఈ రెండింటినీ కలిపేసి కేసు వేసుకునేవాళ్లున్నారు, మీరు అలా చేయకండి.

ఇన్ని విషయాల మీద ఆధారపడిన దానికి షాపువాళ్లు ధైర్యంగా 5 ఏళ్లు అని అంకె వేశారు చూశారా, మీ బలం అక్కడే ఉంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని సెక్షన్ 2(47) ప్రకారం, సరైన పరీక్ష ఏదీ లేకుండా ఒక వస్తువు ఇన్నాళ్లు మన్నుతుందని జనానికి గ్యారంటీ ఇవ్వడం అనుచిత వ్యాపార పద్ధతి. పరీక్ష చేసే చెప్పామని వాళ్లు వాదిస్తే, దాన్ని నిరూపించే భారం వాళ్లదేనని అదే సెక్షన్ చెబుతోంది. కాబట్టి మీ ఫిర్యాదు 'కోటింగ్ పోయింది' అన్న ఒక్క ముక్కతో ఆగకూడదు, 'ఏ పరీక్ష చూసి 5 ఏళ్లు అన్నారు' అని నిలదీయాలి. ఎందుకంటే సేవాలోపం ఉందని చూపించే బాధ్యత మాత్రం మీదే, సుప్రీంకోర్టు 2021లో ఎస్‌జీఎస్ ఇండియా కేసులో ఈ సంగతి స్పష్టంగా చెప్పింది. ప్రకటన స్క్రీన్‌షాట్ ఇంకా తీసుకోకపోతే ఇప్పుడే తీసుకోండి, నోటీసు అందిన మర్నాడు ఆ పోస్టు ఉండదు.

ఇక మీ బలహీనత. ఆరు నెలల మెయింటెనెన్స్ షరతు డబ్బు కట్టకముందే మీకు చూపించి సంతకం తీసుకుని ఉంటే మీ కేసు బాగా పల్చబడుతుంది, దాచిపెట్టి లాభం లేదు. పని అయిపోయి డబ్బు చేతులు మారాక ఇచ్చిన కార్డు వెనక చిన్న అక్షరాల్లో ఉంటే మాత్రం, ముందు చెప్పని షరతు నన్నెలా కట్టేస్తుందని గట్టిగా అడగొచ్చు. కార్డును ఒకసారి ఓపిగ్గా చదవండి, చాలా కార్డుల్లో నీటి మరకలు వారంటీలోకి రావనే ఉంటుంది. అలాగైతే మరకల గురించి కాదు, నీళ్లు జారకపోవడం, మెరుపు పోవడం గురించి ఫిర్యాదు చేయాలి.

ఇంకో సంగతి, లాయరు చెప్పేది కాకపోయినా చెబుతున్నా. బోరు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పైన పేరుకుపోతే కింద కోటింగ్ బాగానే ఉన్నా నీళ్లు జారవు. కాబట్టి ముందు వేరే మంచి డీటెయిలింగ్ షాపుకు తీసుకెళ్లి, పాలిష్ జోలికి పోకుండా ఆ ఉప్పు పేరుకున్నది మాత్రం తీయించి చూడండి. నీళ్లు మళ్లీ జారితే మీకు కేసు లేదు, ఖర్చు తప్పిందనుకోండి. జారకపోతే ఈ రెండో షాపు అతని చేత ఏం చూశాడో రాయించి, సంతకంతో అఫిడవిట్ ఇస్తాడేమో అడగండి. కోటింగ్‌ను సీసాలో పట్టి ల్యాబుకు పంపలేం కదా, అందుకే ఇలాంటి కాగితానికి విలువ ఎక్కువ.

కారు నాన్నగారి పేరున ఉందని టెన్షన్ వద్దు. డబ్బు కట్టింది మీరు, బిల్లు మీది, మీరు వినియోగదారే. నాన్నగారిని రెండో ఫిర్యాదుదారుగా చేర్చితే కారు మీది కాదనే వాదన కూడా మూతపడుతుంది. కారును అద్దెలకు తిప్పుతుంటే మాత్రం వ్యాపార అవసరం అంటూ అభ్యంతరం పెడతారు, అది వేరే గొడవ. ఎదుటి పక్షంగా షాపుతో పాటు వారంటీ కార్డు మీద పేరున్న కోటింగ్ కంపెనీని కూడా చేర్చండి. మీ వారంటీ తమ దగ్గర నమోదు కాలేదని కంపెనీ అంటే, షాపు మీద మీ కేసు ఇంకా గట్టిపడుతుంది.

బిల్లు అడుగున ఉన్న హైదరాబాద్ లైను చూసి భయపడక్కర్లేదు. ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేసుకోవచ్చని సెక్షన్ 34(2)(డి) చెబుతోంది, కరీంనగర్ జిల్లా కమిషన్‌లోనే వేయండి. 50 లక్షల దాకా చెల్లించిన లావాదేవీలు జిల్లా కమిషన్‌వే, 5 లక్షల లోపు అయితే ఫీజు కూడా లేదు. ఒక జాగ్రత్త, షరతులు అన్యాయమైన ఒప్పందం కిందికి వస్తాయని రాస్తే అది రాష్ట్ర కమిషన్ చూసే విషయం, జిల్లాలో ఆ మాట ఎత్తకండి.

ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించండి, చిన్న షాపులు ఒక్కోసారి అక్కడే దిగొస్తాయి. తర్వాత స్పీడ్ పోస్టులో 15 రోజుల గడువుతో నోటీసు పంపండి. అప్పటికీ కదలకపోతే వినియోగదారుల కమిషన్లకు ఆన్‌లైన్లో ఫిర్యాదు చేసే ఈ-జాగృతి పోర్టల్‌లో కేసు వేయొచ్చు, లాయరు తప్పనిసరి కాదు. గడువు రెండేళ్లు, సెక్షన్ 69. లోపం మొదట కనిపించిన రోజు నుంచే లెక్కేసుకోండి, 'చూస్తాం సార్' అంటూ సాగే వాట్సాప్ కబుర్ల వల్ల అది పెరగదు. తీర్పు 3 నెలల్లో, పరీక్ష అవసరమైతే 5 నెలల్లో రావాలని చట్టం అంటుంది గానీ అంతకంటే ఎక్కువ పడుతుందనే అనుకోండి.

ఏం అడగాలి? 28,000 వాపసు, వడ్డీ, కొంత నష్టపరిహారం, ఖర్చులు. కారంతా మళ్లీ పెయింట్ వేయించాలి, లక్షలివ్వండి అంటే ఎవరూ నమ్మరు, ఆధారం లేని అంకె మిగతా నిజాన్ని కూడా పాడుచేస్తుంది. వాడుకున్న నెలలు తీసేసి పాక్షికంగా ఇవ్వమని కమిషన్ అన్నా ఆశ్చర్యపోకండి.

మధ్యలో షాపువాళ్లు ఉచితంగా మళ్లీ వేస్తామంటే నా సలహా ఒప్పుకోమనే, కానీ కాగితం మీద. పాత పొర తీయాలంటే పాలిష్ తప్పదు, దాంతో క్లియర్ కోట్ కూడా కొంత పోతుంది. అందుకే పనికి ముందూ తర్వాతా పెయింట్ మందం కొలిచే మీటరు పెట్టించి రీడింగులు రాయించుకోండి, వారంటీ ఏ తేదీ నుంచి మొదలవుతుందో, మెయింటెనెన్స్‌కు ఎంత తీసుకుంటారో కొత్త బిల్లులో ఉండాలి.