ఆరిపోయే బల్బు, చిల్లుబిందె

ప్రశ్న: మా ఇంట్లో ఒక ఎల్‌ఈడీ బల్బు స్విచ్చి ఆపిన వెంటనే ఆరిపోకుండా క్షణకాలం సన్నగిల్లుతూ ఆరుతుంది. ఒడియా మాధ్యమంలో చదువుతున్న మా అమ్మాయి కారణం అడిగితే, చిల్లుబిందెలో మిగిలిన నీళ్లలాగా కరెంటు కాస్త మిగులుతుందని చెప్పాను. అది సరైన జవాబేనా?
– ఒక పాఠకురాలు, పర్లాకిమిడి

జవాబు: అమ్మా, మీ పోలిక సగం వరకు సరిగ్గానే ఉంది. ఏసీని డీసీగా మార్చే ఆ బల్బు సర్క్యూట్‌లోని కెపాసిటర్‌లో నిల్వ ఉన్న విద్యుదావేశమే, స్విచ్చి ఆపాక కూడా ఎల్‌ఈడీల గుండా పోతూ ఆ వెలుగునిస్తుంది. అయితే బల్బును మాత్రం విప్పకండి, ఎందుకంటే ఆ కెపాసిటర్‌పై 300 వోల్టులకు పైగా ఉండవచ్చు.

దానికి బదులు 9 వోల్టుల బ్యాటరీ, 25 వోల్టులకు తగిన 1000 మైక్రోఫారడ్ల కెపాసిటర్, 10 కిలోఓముల రెసిస్టర్, ఒక మల్టీమీటర్ తెప్పించండి. గీత ఉన్న కాలు మైనస్ వైపు ఉండేలా కెపాసిటర్‌ను బ్యాటరీకి కలిపి, దాని రెండు కాళ్ల మధ్య రెసిస్టర్‌ను, మీటర్‌ను పెట్టి, బ్యాటరీని తీసేసి సెకన్లు లెక్కపెట్టమనండి. 10 సెకన్లకు సుమారు 3.3 వోల్టులు, 20 సెకన్లకు 1.2, 30 సెకన్లకు 0.45 మిగులుతాయి. కెపాసిటర్ విలువ కచ్చితంగా ఉండదు కనుక అంకెలు కొంత అటూ ఇటూ అయినా, ప్రతి 10 సెకన్లకు అంతకుముందున్న దానిలో ఒకే వంతు, అంటే దాదాపు మూడోవంతు, మిగలడం మాత్రం మారదు.

పోలిక తప్పేది ఇక్కడే. వోల్టేజీ సగమైతే రెసిస్టర్‌లో కరెంటూ సగమవుతుంది; బిందెలో నీటి మట్టం సగమైనా, అడుగు చిల్లులోంచి వచ్చే ధార మొదటి వేగంలో 70 శాతం దాకా ఉంటుంది, కాబట్టి బిందె ఒక సమయానికి పూర్తిగా ఖాళీ అవుతుంది. కెపాసిటర్‌కు దగ్గరి చుట్టం వేణ్ణీళ్ల గిన్నె: గాలికీ నీటికీ మధ్య వేడి తేడా ఎంత ఉంటే చల్లారే వేగం దాదాపు అంత ఉంటుంది. రెండింటి అంకెలనూ ఒకే కాగితంపై గీస్తే రెండు వంపులూ ఒకే తీరుగా వస్తాయి. పోలిక ఎక్కడ నిలుస్తుందో, ఎక్కడ తప్పుతుందో తన చేత్తో కొలిచి తెలుసుకున్న పిల్లకు సూత్రం బరువనిపించదని నా గట్టి నమ్మకం.

తరువాత 10 కిలోఓముల బదులు 20 కిలోఓముల రెసిస్టర్ పెట్టి, 3.3 వోల్టులకు దిగడానికి ఎన్ని సెకన్లు పడుతుందో మీటర్ చూడకముందే ఆమెను చెప్పమనండి.