అంగ్‌కోర్ వెళ్తున్న బుజ్జికి

చి. సౌ. బుజ్జికి,

పెద్దమ్మ ఆశీస్సులు. డిసెంబరులో మీ అత్తగారిని కూడా వెంటబెట్టుకుని కంబోడియా వెళ్తున్నామని రాశావు, చాలా సంతోషం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా అక్కడ వానలు తగ్గి, ఎండ కూడా ఓర్చుకునేలా ఉంటుంది. ఏప్రిల్ అంటే మాత్రం పెద్దావిడని తీసుకెళ్ళొద్దని చెప్పేదాన్ని.

నువ్వు పంపిన జాబితాలో ఒక్క రోజుకే తొమ్మిది గుళ్ళు ఉన్నాయి. అలా వద్దమ్మా. సాయంత్రానికి ఏ గుడి ఏదో గుర్తుండదు, ఫోటోలు మాత్రం మిగులుతాయి. అంగ్‌కోర్ గుళ్ళకి ఒకరోజు టికెట్ 37 డాలర్లు, మూడు రోజులది 62. ఆ మూడు రోజులూ వరసగానే వాడాలనేమీ లేదు, పది రోజుల్లో ఎప్పుడైనా సరే. మూడు రోజులదే తీసుకో. మధ్యలో ఒకరోజు అత్తగారికి విశ్రాంతి దొరుకుతుంది. కౌంటర్లో కొంటే టికెట్ మీద ఫోటో వేస్తారు కాబట్టి ముగ్గురూ వెళ్ళాలి.

అంగ్‌కోర్ వాట్‌కి ఒక పూట చాలదు. పన్నెండో శతాబ్దంలో రెండో సూర్యవర్మ విష్ణువుకి కట్టించిన గుడి అది, ముఖం పడమటికి ఉంటుంది. తెల్లవారుజామున అందరూ కొలను దగ్గర సూర్యోదయం కోసం చేరతారు. మీరూ చూడండి. ఆ తర్వాత చాలామంది టిఫిన్‌కి హోటల్‌కి వెళ్ళిపోతారు. మీరు మాత్రం కదలకండి. తినడానికి ఏదైనా వెంట తెచ్చుకుని, తిన్నగా తూర్పు వసారాకి వెళ్ళండి. క్షీరసాగర మథనం అక్కడే ఉంది. దాదాపు 49 మీటర్ల గోడంతా ఒకటే కథ! నడుమ విష్ణువు, కింద కూర్మం, ఒకవైపు అసురులు, మరోవైపు దేవతలు, పైన ఎగిరే అప్సరసలు. దేవతల వైపు వాసుకి తోక చివర ఒక వానరవీరుడు ఉంటాడు. మనం విన్న కథలో ఆయన లేడు కదా, అక్కడ కాసేపు ఆగు. కవ్వం తిరిగే చోట నీళ్ళలో చేపలు, మొసళ్ళు తెగిపోయి ఉంటాయి, అదీ చూడు. మథనం పద్యాలు చిన్నప్పుడు తాతయ్య దగ్గర నేర్చుకున్నావుగా, నీకు గైడు వేరే అక్కర్లేదు. మీ ఆయనకి నువ్వే చెప్పు.

పడమటి గోడలకి మధ్యాహ్నం మూడు దాటాక మళ్ళీ వెళ్ళండి, వెలుగు బాగా పడుతుంది. ఒక పక్క కురుక్షేత్రం, అంపశయ్య మీద భీష్ముడు. ఇంకో పక్క లంకాయుద్ధం, హనుమంతుడి భుజాల మీద నిలబడి బాణం వేస్తున్న రాముడు. ఇక్కడ బొమ్మల వరస కురుక్షేత్రంతో మొదలై అపసవ్యంగా నడుస్తుంది. గోడ మనకి ఎడమచేతి వైపు ఉంటుంది. మన అపరకర్మల్లో లాగే. అందుకే ఇది రాజు సమాధి కూడా అయ్యుంటుందని కొందరు పండితుల అభిప్రాయం.

బాంతే శ్రీ మాత్రం వదలొద్దు. సియం రీప్ ఊరికి దూరం, టుక్‌టుక్‌లో గంట పైనే పడుతుంది. 967లో యజ్ఞవరాహుడనే బ్రాహ్మణ పండితుడు ప్రతిష్ఠ చేయించిన శివాలయం. గులాబీ రంగు ఇసుకరాయి మీద చెక్కడం చందనం చెక్క మీద చేసినట్టు ఉంటుంది. కైలాసాన్ని కదిలిస్తున్న రావణుడు, మన్మథ దహనం, వాలి సుగ్రీవుల పోరు, అన్నీ చిన్న చిన్న శిల్పాలే. పొద్దున్నే వెళ్ళండి. దగ్గరికెళ్ళి చూడండి గానీ, చెయ్యి మాత్రం వెయ్యొద్దు. చేతి చెమటకి ఆ రాయి పాడవుతుంది.

తా ప్రోమ్ గుడిలో చెట్ల వేళ్ళు గోడల్ని పట్టుకున్న చోట ఫోటోకి క్యూ ఉంటుంది. అక్కడ మన పురావస్తు శాఖ వాళ్ళు కూడా మరమ్మతులు చేశారు, కూలిన మండపం ఎలా నిలబెట్టారో చూడు. బయోన్ గుడి గోపురాల మీది రాతి ముఖాలు పెద్దగా వివరించే పనిలేదు, మెల్లగా చుట్టూ తిరిగితే చాలు.

గుళ్ళలో బౌద్ధ పూజలు ఇప్పటికీ జరుగుతాయి. ఎవరైనా దణ్ణం పెడుతుంటే అడ్డం రాకండి. భుజాలు, మోకాళ్ళు కప్పే బట్టలు వేసుకోండి, లేకపోతే అంగ్‌కోర్ వాట్ పై అంతస్తుకి పోనివ్వరు. ఆ మెట్లు చాలా నిటారు. అత్తయ్యగారిని బలవంతం చేయొద్దు, కింద వసారాలో కూర్చోబెట్టండి. ఆవిడ శాకాహారి కదా, కూరగాయల వంటల్లో కూడా చేపల సాస్ కలుపుతారు, ముందే అడగండి. డాలర్లు చిరుగు లేనివి తీసుకెళ్ళు, చిరిగినవి ఎవరూ తీసుకోరు.

ఓపికుంటే నువ్వూ మీ ఆయనా కబాల్ స్పియన్ వెళ్ళండి. ఏటి అడుగున రాతిలో వందల లింగాలు చెక్కారు, శేషశయనుడూ ఉన్నాడు. కొండదారిలో ఒకటిన్నర కిలోమీటరు నడవాలి, అత్తయ్యగారికి వద్దు. బాంతే శ్రీ చూసిన పూటే పొద్దున వెళ్ళిపోండి. దారి వదిలి అడవిలోకి మాత్రం ఒక్క అడుగు కూడా వెయ్యొద్దు. ఆ దేశంలో యుద్ధకాలపు మందుపాతరలు ఇంకా పూర్తిగా తీయలేదు.

ప్రేమతో,
పెద్దమ్మ