టెక్ సందేహాలు: హీట్ వాల్వ్‌ను తీసేయమంటున్నారు, తీయించాలా?

ప్రశ్న: నా దగ్గర 1976 షెవర్లే నోవా ఉంది, 350 వి8 ఇంజిన్. పొద్దున స్టార్టింగ్ బాగానే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కి ఫ్రీవే ఎక్కాక మాత్రం పికప్ పడిపోతుంది. ఆపి పది నిమిషాల తర్వాత మళ్లీ స్టార్ట్ చేస్తే పెట్రోల్ వాసన, తొందరగా అందుకోదు. కార్బురేటర్ కింద మానిఫోల్డ్ మీద పెయింట్ మాడి రాలిపోతోంది. ఎగ్జాస్ట్‌లోని హీట్ వాల్వ్ పట్టేసింది, కోసి తీసేద్దామని మెకానిక్ అంటున్నాడు. తీయించమంటారా? - ఒక పాఠకుడు, శాన్ హోసే, కాలిఫోర్నియా

జవాబు: వద్దు, ఇప్పుడే కోయించకండి. మెకానిక్ చెప్పిన జబ్బు నిజం కావచ్చు. కానీ ఆ వాల్వ్ తనంతట తాను పట్టేసిందా, లేక మూసుకునే ఉండమని ఎవరైనా దానికి ఆర్డర్ వేస్తున్నారా అన్నది ముందు తేల్చాలి. తేల్చడానికి ఒక్క రబ్బరు గొట్టం ఊడదీస్తే చాలు.

కార్బురేటర్ ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు పెట్రోల్ సరిగా ఆవిరి కాదు, చుక్కలుగా ఇన్‌టేక్ మానిఫోల్డ్ (పెట్రోల్, గాలి మిశ్రమాన్ని సిలిండర్లకు చేర్చే దారులు) గోడలకు అంటుకుంటుంది. అందుకే జనరల్ మోటార్స్ 1975 మోడళ్ల నుంచి ఈ ఏర్పాటు తెచ్చింది. ఒక వైపు ఎగ్జాస్ట్ దారిని వాల్వ్ మూసేస్తుంది. వేడి పొగకు వేరే దారి లేక ఇన్‌టేక్ మానిఫోల్డ్ లోపలి అడ్డదారిలో కార్బురేటర్ కిందుగా అవతలి వైపుకు వెళుతుంది. ఆ వాల్వ్‌ను మూసేది వాక్యూమ్ (ఇంజిన్ గాలి లాగడం వల్ల పుట్టే పీల్పు), తెరిచేది స్ప్రింగ్. వాక్యూమ్ వచ్చే గొట్టం దారిలో థర్మల్ స్విచ్ ఉంటుంది. కూలెంట్ వేడెక్కగానే అది వాక్యూమ్‌ను ఆపేయాలి. మీ బండిలో వేడెక్కాక కూడా పొగ ఆ అడ్డదారిలోనే పోతోందని మాడిన పెయింటే చెబుతోంది. కార్బురేటర్‌లో పెట్రోల్ మరిగిపోతోంది, వాసన దానిదే.

ఇలా చూడండి. బండిని బాగా వేడెక్కించి, ఐడ్లింగ్‌లో ఉంచి, వాల్వ్ డయాఫ్రమ్‌కు (వాక్యూమ్ లాగితే వాల్వ్‌ను కదిలించే పలుచని పొర) వెళ్లే గొట్టం పీకండి. ఎగ్జాస్ట్ పక్కన చెయ్యి పెడుతున్నారు, మందపాటి గ్లౌజులు వేసుకోండి. ఊడదీయగానే వాల్వ్ రాడ్ టక్కున కదిలితే వాల్వ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. వేడిలో కూడా వాక్యూమ్ పంపుతున్న స్విచ్‌దే తప్పు. రాడ్ కదలకపోతే, గొట్టం కొసన వేలు పెట్టి చూస్తే లాగుతున్నట్టు లేకపోతే, అప్పుడు వాల్వ్ షాఫ్ట్ నిజంగానే పట్టేసింది. రాడ్ కదలకుండా, వాక్యూమ్ కూడా ఉంటే వాల్వ్, స్విచ్ రెండూ పోయాయి.

స్విచ్ కొనే ముందు ఇంకో రెండు విషయాలు. రేడియేటర్‌లో కూలెంట్ తక్కువైతే స్విచ్‌కు వేడి సరిగా తగలదు. థర్మోస్టాట్ తెరుచుకునే ఉండిపోతే ఇంజిన్ చేరాల్సిన వేడికి చేరదు, స్విచ్ కూడా ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందనుకుంటుంది. మీ టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ కిందే ఉంటే ముందు థర్మోస్టాట్ మార్చండి. పాత బండ్లలో గొట్టాలు ఒకదాని బదులు ఒకటి తగిలించడం కూడా చాలా మామూలు. బానెట్ కింద ఉద్గారాల స్టిక్కర్ మిగిలి ఉంటే దాని మీది బొమ్మతో పోల్చి చూడండి.

షాఫ్టే పట్టేసి ఉంటే, ఇంజిన్ పూర్తిగా చల్లారాక గ్రాఫైట్ కలిసిన హీట్ వాల్వ్ సాల్వెంట్ రెండు కొసల్లో వేసి, కాసేపు నాననిచ్చి, చిన్న సుత్తితో మెల్లగా తట్టండి. కొస నుంచి కొసకు కదలాలి. మామూలు ఇంజిన్ ఆయిల్ మాత్రం వేయొద్దు. ఆ వేడికి మాడి జిగురై, వారంలో మళ్లీ పట్టేస్తుంది. వదులయ్యాక చేతి వాక్యూమ్ పంపుతో 10 అంగుళాల (పాదరసం కొలతలో) వాక్యూమ్ పెట్టండి. వాల్వ్ పూర్తిగా మూసుకోవాలి, పంపు మీది ముల్లు నిలబడాలి. దిగిపోతుంటే డయాఫ్రమ్ చిరిగింది.

కోయించవద్దని గట్టిగా చెప్పడానికి ఇంకో కారణం ఉంది. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు బండ్లకు స్మాగ్ చెక్ (ప్రభుత్వ పొగ తనిఖీ) లేదు. మీది 1976. కంపెనీ పెట్టిన ఉద్గార పరికరం లేదని తనిఖీలో కనిపిస్తే పొగ ఎంత శుభ్రంగా వచ్చినా ఫెయిల్ చేస్తారు. పైగా శీతాకాలం పొద్దున ఇంజిన్ కుదుపులు కొత్తగా మొదలవుతాయి. చలిలో మూసుకోని వాల్వ్ ఉన్న బండ్లకు వచ్చే జబ్బే అది.

ప్రశ్న: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ (బండి కంప్యూటర్ నుంచి లోపాలు చదివే పరికరం) కొన్నాను. 1996 మారుతి 800, కార్బురేటర్ మోడల్. పోర్ట్ ఎక్కడుందో దొరకడం లేదు. - ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: వెతకడం ఆపేయండి, ఆ బండిలో పోర్ట్ లేదు. స్కానర్‌తో మాట్లాడే కంప్యూటర్ మీ బండిలాంటి మామూలు కార్బురేటర్ ఇంజిన్‌లో ఉండదు. వీలైతే వాపసు ఇచ్చి మామూలు వాక్యూమ్ గేజ్ కొనండి. ఇన్‌టేక్ మానిఫోల్డ్ గొట్టానికి తగిలించి ఐడ్లింగ్‌లో చూస్తే, ఆరోగ్యమైన ఇంజిన్‌కు ముల్లు సుమారు 17 నుంచి 21 అంగుళాల మధ్య నిలకడగా ఉంటుంది. నిలకడగానే ఉండి బాగా తక్కువ చూపిస్తే ఎక్కడో గాలి లీకవుతోంది, లేదా ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి ఉంది. క్రమం తప్పకుండా కొట్టుకుంటూ పడిపోతుంటే సిలిండర్ హెడ్‌లోని ఏదో ఒక వాల్వ్‌ను అనుమానించి కంప్రెషన్ టెస్ట్ చేయించండి.