సాల్వియా ప్యాకెట్ మీద ‘20 రెట్లు’ అని ఉంటే

తులసి, చియా ఉన్న కుటుంబమే కదా, సాల్వియా అనే మత్తు మొక్క ఆకు ఎక్స్‌ట్రాక్ట్ ఒక్కసారి పీల్చి చూస్తే ఏమవుతుంది, ప్యాకెట్ మీద ‘20 రెట్లు’ అంటే ఏంటి అని ఒకరు అడిగారు. టమాటా, ఉమ్మెత్త కూడా ఒకే కుటుంబం. దాన్ని చూసి ధైర్యం చేయకండి.

మెక్సికోలోని ఒహాకా కొండల్లో మజటెక్ ప్రజలు ఈ ఆకును వైద్యంలో, పూజల్లో వాడతారు. పచ్చి ఆకు నములుతారు, మత్తు మెల్లగా ఎక్కుతుంది. ఎక్స్‌ట్రాక్ట్ సంగతి వేరు. ఆకులోని సాల్వినోరిన్ ఎ అనే పదార్థాన్ని లాగి, కొంచెం ఎండాకుకు పట్టించి అమ్ముతారు. పొగలో అది అర మిల్లీగ్రాము కూడా అక్కర్లేదు, మనిషి మనిషిలో ఉండడు. అసలు ఆకులోనే దాని మోతాదు మొక్కమొక్కకీ మారుతుంది. మరి ‘20 రెట్లు’ దేనికి? ఆ అంకె అమ్మేవాడు వేసుకున్నది.

పదేళ్ళ కిందట అనంతపురంలో నా రూమ్మేట్ ఎవరో ఇచ్చారని ఇది తెచ్చాడు. రాత్రి మిద్దె మీద పీల్చాడు. నిమిషం కాలేదు, చేతిలో లైటర్ జారి పడింది. పిట్టగోడకు చెంప ఆనించి, ‘‘నన్ను గోడలో పెట్టి కట్టేసినారు’’ అన్నాడు. పేరు పెట్టి పిలిస్తే ఎవర్నో పిలిచినట్టు చూశాడు. ఉన్నట్టుండి లేచి గోడ ఎక్కబోయాడు. నడుం పట్టుకుని వెనక్కి లాగితే ఇద్దరం గచ్చు మీద పడ్డాం, నా మోచేయి చెక్కుకుపోయింది. పది, పదిహేను నిమిషాలకు తేరుకున్నాడు. గోడ ఎక్కబోయిన సంగతే వాడికి గుర్తు లేదు. నేను భయపడేది అక్కడే: మత్తులో ఉన్నానన్న ఎరుక కూడా పోతుంది. నేను ఆ రాత్రి ఊరెళ్ళి ఉంటే వాణ్ణి పట్టుకునేవాళ్ళు లేరు.

ఇది హాయినిచ్చే మత్తు కూడా కాదు. మెదడులో కప్పా ఓపియాయిడ్ గ్రాహకం (కణాల మీద ఇలాంటి పదార్థాలు అతుక్కునే చోటు) మీద పనిచేస్తుందని 2002లో తేల్చారు. ఆ దారిలో చాలామందికి దక్కేది బెదురే. ఇంట్లో మానసిక జబ్బు ఉన్నవాళ్ళుంటే అసలు దగ్గరికి పోవద్దు.

ఎవరైనా ఇప్పటికే తీసుకుని ఉంటే మిద్దె, మెట్లు, రోడ్డు, నిప్పు దగ్గర ఉండనివ్వకండి, ఒంటరిగా వదలకండి. మూర్ఛ వచ్చినా, ఊపిరి తేడాగా ఉన్నా, అరగంటకు కూడా తేరుకోకున్నా 108కి ఫోన్ చేయండి, ఏం తీసుకున్నారో దాచకుండా చెప్పండి. తర్వాత భయం, నిద్ర పట్టకపోవడం మిగిలితే ప్రభుత్వ మానసిక సాయం ఫోన్ లైన్ టెలిమానస్ 14416 ఉంది, తెలుగులోనే మాట్లాడొచ్చు. మా వాడు నెల రోజులు లైటు ఆర్పకుండా పడుకున్నాడు, అప్పుడు మాకు అలాంటి నంబరు లేదు.