సముద్రగర్భ వేడినీటి బుగ్గలను వెతకడానికి ఒక్క హీలియం-3 చాలదా?

హీలియం వాయువులో తేలికైన రకమైన హీలియం-3 ఏ రసాయన చర్యలోనూ పాల్గొనదు, జీవులు దాన్ని వాడుకోవు. అలాంటప్పుడు అదొక్కటి కొలిస్తే బుగ్గల ఆచూకీ దొరకదా అని మీరు అడిగారు. పరిశోధక విద్యార్థిగా నీటి నమూనాలు పట్టే బృందంలో నేను రెండుసార్లు నౌకాయానం చేశాను, మొదటిసారి నేనూ అలాగే అనుకున్నాను. లోతు నీటిలో హీలియం-3 మిగులు కనిపిస్తే భూగర్భం నుంచి వచ్చిన వేడినీరు అందులో కలిసిందని చెప్పవచ్చు. కానీ ఆ బుగ్గ రెండు కిలోమీటర్ల దూరంలో ఉందా, రెండు వేల కిలోమీటర్ల దూరంలో ఉందా అన్నది ఒక్క నమూనాను బట్టి తేలదు. తూర్పు పసిఫిక్ పర్వతశ్రేణి మీద, 15 డిగ్రీల దక్షిణ అక్షాంశం దగ్గర, సుమారు 2,500 మీటర్ల లోతున పుట్టిన హీలియం-3 ధార పడమరగా 2,000 కిలోమీటర్లకు పైగా సాగిందని లప్టన్, క్రెయిగ్ అనే శాస్త్రవేత్తలు 1981లోనే చూపించారు.

పైగా దాని ఫలితం నౌక మీద చేతికి రాదు. లోతు నీటిని పట్టి తెచ్చే నిస్కిన్ సీసా పైకి రాగానే అన్నిటికంటే ముందు హీలియం నమూనాను రాగి గొట్టంలోకి పట్టి, గొట్టాన్ని తట్టి గాలి బుడగలను వదిలించి, రెండు కొనలనూ బిగించి, పరమాణువులను బరువును బట్టి వేరుచేసి కొలిచే, ఒడ్డున ఉన్న మాస్ స్పెక్ట్రోమీటర్ కోసం దాచిపెట్టాలి. గాజు సీసా పనికిరాదు, ఎందుకంటే హీలియం గాజులోంచి కూడా జారిపోతుంది. అర్ధరాత్రి తొందరలో నేను సరిగా తట్టకుండా బిగించిన ఒక గొట్టంలో బుడగ మిగిలిపోయి, నెలల తరువాత వచ్చిన కొలత, హీలియం-3కూ మామూలు హీలియంకూ గాలిలో ఉండే నిష్పత్తి వైపు లాగి కూర్చుంది. ఆ నమూనాను పక్కన పెట్టక తప్పలేదు.

అందుకే వెతుకులాటకు త్వరగా నశించే జాడలే ఎక్కువ ఉపయోగపడతాయి. దాదాపు 350 డిగ్రీల వేడితో వెలువడిన నీరు చుట్టూ ఉన్న చల్లటి నీటిని కలుపుకుంటూ రెండు మూడు వందల మీటర్లు పైకి లేచి, సుమారు పదివేల రెట్లు పలచబడి, అక్కడి నుంచి అడ్డంగా పరుచుకుంటుంది. అప్పటికి ఉష్ణోగ్రతలో తేడా డిగ్రీలో కొన్ని వందల వంతులే మిగులుతుంది. మాంగనీసు అలా కాదు. బుగ్గ నీటిలో అది మామూలు లోతు నీటికంటే లక్షల రెట్లు ఎక్కువగా ఉండగలదు కనుక, అంత పలచబడ్డాక కూడా స్పష్టంగా దొరుకుతుంది. బుగ్గ నీటితో వచ్చే మీథేన్‌ను సూక్ష్మజీవులు క్రమంగా ఆక్సీకరిస్తాయి, కనుక అది ఎక్కువగా కనిపిస్తే నీరు ఇంకా పాతబడలేదన్నమాట. ఆక్సీకరణ-క్షయకరణ సెన్సార్ సూచిక ఒక్కసారిగా పడిపోయిందంటే, ఇంకా ఆక్సిజన్‌తో పూర్తిగా కలవని తాజా రసాయనాలు దగ్గరలోనే ఉన్నాయని అర్థం. తెర మీద ఆ గీత జారిన రోజు మా బృందంలో ఎవరూ నిద్రపోలేదు.

రెండో యాత్రలో ఒకచోట నీటి మసకతనం బాగా పెరిగింది, మాంగనీసు మాత్రం మామూలుగానే ఉంది. అది బుగ్గ పొగ కాదు, ప్రవాహం లేపిన అడుగు బురద. మరోచోట మాంగనీసు ఎక్కువగా ఉంది, మీథేన్ లేదు, సెన్సార్ కదలలేదు. ఎక్కడి నుంచో కొట్టుకువచ్చిన పాత నీరని నిర్ణయించుకుని ముందుకు సాగాం. ఈ రెండు నిర్ణయాలూ హీలియం ఫలితం కోసం ఆగకుండా నౌక మీదే తీసుకున్నవి.

అలాగని హీలియం-3ని మానుకోమని నేననను. అది తరగదు కనుకనే తక్కినవి ఎంత తరిగాయో లెక్కకట్టే కొలబద్ద అవుతుంది. నీరు పలచబడటం ఒక్కటే జరిగితే, బుగ్గ నీటితో వచ్చే ఇనుము, హీలియం ఒకే నిష్పత్తిలో తగ్గాలి. ఇనుము అంతకంటే వేగంగా తగ్గితే, ఆ తేడా రేణువులుగా మారి అడుగుకు చేరిందని భావించవచ్చు. బుగ్గల ఇనుమంతా దగ్గరలోనే రాలిపోతుందని చాలాకాలం అనుకున్నారు. సముద్రజలాల్లోని సూక్ష్మ మూలకాలను కొలిచే అంతర్జాతీయ కార్యక్రమమైన జియోట్రేసెస్ కింద 2013లో దక్షిణ పసిఫిక్‌లో జరిగిన యాత్రలో నీటిలో కరిగిన ఇనుము పర్వతశ్రేణి నుంచి 4,000 కిలోమీటర్లకు పైగా కనిపించింది, పక్కనే హీలియం-3 కొలతలు ఉండబట్టే దాని పుట్టుక మీద అనుమానం మిగల్లేదు. ఇనుము కొలవాలనుకుంటే మాత్రం నౌక తుప్పు నుంచి నమూనాను కాపాడుకోవడమే సగం పని: ఉక్కు తాడుకు బదులు లోహం లేని తాడు, ప్రత్యేకంగా శుభ్రపరచిన సీసాలు వాడాలి. వీటికి ఏర్పాటు లేకపోతే మాంగనీసు, మీథేన్, సెన్సార్‌లతో మొదలుపెట్టి, వాటిలో తేడా కనిపించిన లోతుల్లోనే రాగి గొట్టాలను ఖర్చుపెట్టండి.