పిల్లల ప్రతి మ్యాచ్‌కీ తల్లిదండ్రులు వెళ్లాలా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీ బాబుకి పదకొండేళ్లు, అండర్-13 బ్యాడ్మింటన్ ఆడుతున్నాడు, మీ ఇద్దరివీ ఉద్యోగాలు, ప్రతి టోర్నమెంట్‌కీ సెలవు దొరకడం లేదు, వెళ్లకపోతే వాడు చిన్నబుచ్చుకుంటాడేమోనని బెంగగా ఉందన్నారు. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. అన్నిటికీ వెళ్లక్కర్లేదు. కానీ వస్తానని మాటిచ్చినదానికి మాత్రం ఎలాగైనా వెళ్లాలి.

మాది తెనాలి, మందుల షాపు ఉంది. మా అమ్మాయికిప్పుడు పదహారు, తొమ్మిదో ఏట రాకెట్ పట్టింది. మొదటి మూడేళ్లు గుంటూరు, విజయవాడ, ఏలూరు, ఎక్కడ టోర్నమెంట్ పెట్టినా షాపు తమ్ముడికి అప్పగించి వెళ్లేవాడిని. ఒక్కటీ మానలేదు.

ఒకసారి విజయవాడలో క్వార్టర్ ఫైనల్. మొదటి గేమ్ 21-17తో గెలిచింది. రెండో గేమ్‌లో ఒక డ్రాప్ షాట్ నెట్‌కి తగిలింది. షటిల్ తీయడానికి వంగకముందే గ్యాలరీలో ఉన్న నా ముఖంలోకి చూసింది. తర్వాతి పాయింట్ పోయినప్పుడూ అంతే. గెలిచిన పాయింట్లకి చూడటం లేదు, పోయినప్పుడే చూస్తోంది. నేను ఒక్క మాట అరవలేదు. పక్కనున్న ఇంకో పాప వాళ్లమ్మ మెల్లగా చెప్పింది, "అన్నయ్యగారూ, పాయింట్ పోయినప్పుడల్లా మీరు తల పట్టుకుంటున్నారండీ, పాప అదే చూస్తోంది" అని. నా చెయ్యి నుదుటి మీదికి పోతోందని అప్పటిదాకా నాకే తెలీదు. మ్యాచ్ ఓడిపోయింది. తెనాలి వచ్చేదాకా రైల్లో నేనే మాట్లాడాను. బ్యాక్‌హ్యాండ్ వైపు ఎందుకు ఆడలేదు, 11 పాయింట్ల దగ్గర విరామంలో సార్ ఏం చెప్పారు అంటూ. అది కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది.

తర్వాతి టోర్నమెంట్ ఏలూరులో. "ఈసారి నాతో పంపండి" అన్నారు కోచ్ సార్. మనసొప్పకపోయినా పంపాను. రెండో రౌండ్‌లోనే ఓడిపోయి రాత్రి పొద్దుపోయాక ఇంటికొచ్చింది. పెరుగన్నం కలుపుకుంటూ చెప్పడం మొదలుపెట్టింది. ఉప్పు డబ్బా ఇక్కడ, మంచినీళ్ల గ్లాసు అక్కడ పెట్టి, మధ్యలో గరిటె అడ్డంగా పెట్టి అది నెట్ అంది. అవతలి అమ్మాయిది ఎడమచేతి వాటమట, ఎలా తిప్పలు పెట్టిందో గ్లాసు జరిపి చూపించింది. 14-18 నుంచి 19-19 దాకా ఎలా లాక్కొచ్చిందో చెప్పింది. "అక్కడే నాన్నా, బయటికి పోతుందనుకుని వదిలేశా, లైన్ మీద పడింది" అని తన తప్పు తనే చెప్పింది. దాని మ్యాచ్‌ని దాని నోటితో వినడం నాకదే మొదటిసారి. నేను చూసొచ్చిన మ్యాచ్‌లన్నీ నేనే దానికి వివరించేవాడిని. ఇక అది చెప్పడానికి ఏం మిగులుతుంది?

అప్పటి నుంచి డ్రా, అంటే ఎవరితో ఎవరు ఆడాలో చెప్పే జాబితా, రాగానే అడుగుతాను, "ఏ మ్యాచ్‌కి రమ్మంటావ్?" అని. ఫైనల్ అంటుందనుకున్నాను. "మొదటి రౌండ్‌కి రా, తర్వాత వెళ్లిపో" అంది. మొదటి మ్యాచ్‌కే టెన్షన్ ఎక్కువట. అడక్కపోతే నాకెప్పటికీ తట్టేది కాదు.

ఒక్కసారి మాట తప్పాను. మధ్యాహ్నానికల్లా వస్తానని చెప్పి, షాపులో పని తెమలక సాయంత్రం చేరాను. మ్యాచ్ అయిపోయింది. గ్యాలరీలో దాని బ్యాగు పక్కన తువ్వాలు పరిచి నాకోసం చోటు ఆపి ఉంచింది. ఆ తువ్వాలు అప్పటికీ తీయలేదు. ఆ రోజు గుర్తొస్తే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది.

2024 డిసెంబర్‌లో మెల్‌బోర్న్‌లో నితీష్ కుమార్ రెడ్డి సెంచరీ కొట్టినప్పుడు, గ్యాలరీలో వాళ్ల నాన్న ముత్యాల రెడ్డి గారు కన్నీళ్లు పెట్టుకున్న వీడియో మా బంధువుల గ్రూపులో ఎంతమంది పంపారో. తండ్రంటే అలా ఉండాలన్నారు. నాకూ కళ్లు తడిశాయి. అయితే ఆయన కొడుకు కోసం ఉద్యోగం వదులుకున్నది ప్రాక్టీస్ ఆగకూడదని. సైనా నెహ్వాల్‌ని చిన్నప్పుడు వాళ్ల నాన్న తెల్లవారుజామున స్కూటర్ మీద హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియానికి తీసుకెళ్లిందీ ప్రాక్టీస్‌కే. మీకున్న సమయం తక్కువైతే, వారంలో రెండు రోజులు పొద్దున్నే మీరే కోర్టు దగ్గర దింపి రండి. అది వాడికి గుర్తుంటుంది.

అండర్-13 పిల్లలకి మాత్రం పెద్దవాళ్లెవరో ఒకరు వెంట ఉండాల్సిందే. ఎనిమిదింటికి రిపోర్టింగ్ అంటారు, మ్యాచ్ మూడింటికి పడుతుంది. ఈలోపు తిండి, నీళ్లు చూసేవాళ్లు కావాలి. మా బ్యాచ్‌లో ముగ్గురు తల్లిదండ్రులం వంతులేసుకున్నాం, ఒకరు వెళ్తే ముగ్గురు పిల్లల్నీ చూసుకుంటారు.

ఈసారి డ్రా రాగానే బాబు పక్కన కూర్చుని అడగండి. వెళ్లలేనిదానికి వెళ్లలేనని ముందురోజే చెప్పండి. ఇంటికొచ్చాక గెలిచావా అని అడక్కండి, అన్నం పెట్టి ఊరుకోండి. మా అమ్మాయైతే సగం కంచం ఖాళీ అయ్యాక గానీ నోరు విప్పదు.