నూతిలో దొరికిన నల్లమట్టి వయసెంత?

ప్రశ్న: మాది కోనసీమ. కొత్త నుయ్యి తవ్వి ఒరలు దించుతుంటే 18 అడుగుల లోతులో మెత్తటి నల్లమట్టి, చెక్కముక్కలు, గుల్లలు వచ్చాయి. కార్బన్ పరీక్షకు గుల్లలు పంపితే వయసు తెలుస్తుందా?

జవాబు: గుల్లలు పక్కన పెట్టండి. మీకు దొరికిన నిధి ఆ నల్లమట్టే. కుళ్ళిన కోడిగుడ్డు వాసన వేస్తోందా? అయితే అది పీట్ అయ్యే అవకాశం ఉంది. నీరు నిలిచి, గాలి ఆడక, ఆకూ అలమూ పూర్తిగా కుళ్ళకుండా పేరుకున్న పొర అది. అంటే అప్పట్లో నది పాయ అక్కడికి ఇసుక తేవడం మానేసింది, చిత్తడి నేల మిగిలింది. పైన ఒండ్రు ఉందంటే గోదారి మళ్ళీ వచ్చిందన్నమాట. పీట్ అడుగు వయసు, పైభాగం వయసు విడివిడిగా తీస్తే ఆ చిత్తడి ఎన్నాళ్ళు నిలిచిందో తెలుస్తుంది.

చెట్టు బతికున్నంతకాలం గాలిలోంచి కార్బన్-14 (నెమ్మదిగా తరిగిపోయే ఒక రకం కార్బన్) తీసుకుంటుంది. చచ్చాక ఉన్నది 5,730 ఏళ్ళకు సగమవుతుంది, మిగిలినదాన్ని కొలిచి వయసు లెక్కేస్తారు. సముద్రపు గుల్ల మాత్రం నీళ్ళలోని పాత కార్బన్‌తో పెరుగుతుంది కాబట్టి సుమారు 400 ఏళ్ళు ఎక్కువ వయసు చూపిస్తుంది. ఆ తేడా ఒక్కో తీరానికి ఒక్కోలా ఉంటుంది. చెక్క కూడా వరదలో ఎక్కడినుంచో కొట్టుకొచ్చి ఉండొచ్చు.

పరిశోధన రోజుల్లో నేనొకసారి దెబ్బతిన్నాను. చక్కటి చెక్కముక్క అనుకుని పంపితే, పై పొరకంటే కింది పొరే కొత్తదని వచ్చింది. రాత్రంతా టెన్షన్. తీరా చూస్తే అది చాలాకాలం తర్వాత పైనుంచి దిగిన మడచెట్టు వేరు! ఆ లోతు మట్టి మళ్ళీ నా చేతికి రాలేదు. అప్పటినుంచి ఆకు తునకలు, గింజలే ఏరుతున్నాను. కార్బన్-14 పరమాణువులను నేరుగా లెక్కపెట్టే యాక్సిలరేటర్ పద్ధతికి కొన్ని మిల్లీగ్రాములు చాలు.

మీరూ గడ్డను బ్లేడుతో పొరలుగా విడదీసి చూడండి. లోపలి ఆకు ముందు తేనెరంగులో ఉండి, గాలి తగలగానే నల్లబడుతుంది. చేత్తో తాకకుండా పట్టకారుతో తీసి, అల్యూమినియం రేకులో చుట్టి ఫ్రిజ్‌లో పెట్టండి. కాగితంలో, గుడ్డలో వద్దు, వాటి కార్బన్ అంటుకుంటుంది. ఒరలు ఇంకా దించుతుంటే నల్లపొర ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో టేపుతో కొలిచి రాసుకోండి. ఒరలు దిగాక ఆ గోడ ఇక కనిపించదు.